చంపినవాళ్ల గురించి పిల్లలకు చెప్పేటప్పుడు



నీ ఉత్తరం అందింది. తొమ్మిదో తరగతిలో నాజీల పాఠం దగ్గరపడుతోందనీ, చనిపోయినవాళ్ల గురించి ఎలాగో చెప్పగలవు గానీ చంపినవాళ్ల గురించి పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు ఎలా చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో పాలుపోవడం లేదనీ రాశావు. ఆ జంకు ఉండటం మంచిదే తల్లీ. అది లేనివాళ్ల చేతిలో ఈ పాఠం పాడవుతుంది. కొందరు నాలుగు తేదీలు రాయించి, బిట్లు బట్టీపట్టించి ముగించేస్తారు. కొందరు శవాల గుట్టల ఫొటోలు చూపించి పిల్లలు రాత్రి నిద్రపోకుండా చేస్తారు. నువ్వు ఆ రెండు దారులూ తొక్కవని నాకు తెలుసు. అలాగని వదిలేసి ముందుకు పోవద్దు. చంపినవాళ్ల ఊసెత్తకపోతే, ఆ అరవై లక్షల మంది యూదులు ఏ వరదలోనో భూకంపంలోనో పోయారన్నట్టు పిల్లల మనసులో మిగిలిపోతుంది. వాళ్లను మనుషులు చంపారు. చంపిన ప్రతివాడికీ ఒక పేరు, ఒక ఊరు, ఒక ఉద్యోగం, సాయంత్రం తిరిగి వెళ్లడానికి ఒక ఇల్లు ఉన్నాయి. ఆ సంగతి చెప్పకుండా మిగతాది ఎంత చెప్పినా చరిత్ర సగమే చెప్పినట్టు.

మన పిల్లలకు హిట్లర్ పేరు కొత్త కాదు. ఇంట్లో గట్టిగా ఉండే నాన్ననీ, క్లాసులో అల్లరి పడనివ్వని టీచర్నీ ఆ పేరుతోనే పిలుచుకుంటారు. 1997లో చిరంజీవి సినిమాకీ అదే పేరు పెట్టారు, అందులో ఆయన చెల్లెళ్ల మీద ఈగ వాలనివ్వని అన్నయ్య. కాబట్టి నీ క్లాసులో సగం మంది హిట్లరంటే కోపిష్టి మనిషి అనుకుంటూ వస్తారు. మిగతా సగం మంది రాక్షసుడు అనుకుంటూ వస్తారు. ఈ రెండో ఊహ చూడటానికి మంచిదిలాగే కనిపిస్తుంది గానీ, పాఠానికి అదే పెద్ద అడ్డు. మన కథల్లో రాక్షసుడు రాక్షసుడిగానే పుడతాడు, అవతారపురుషుడొచ్చి చంపేదాకా అలాగే ఉంటాడు. మనిషి కాదు గనక వాడితో మనకు పోలికే లేదు. అలా అనుకున్న పిల్లవాడు హాయిగా పుస్తకం మూసేస్తాడు. హిట్లర్ ఒక్కడే అరవై లక్షల మందిని చంపలేదు కదా. రైళ్లు నడిపినవాళ్లున్నారు, జాబితాలు టైపు చేసినవాళ్లున్నారు, తలుపులు కొట్టినవాళ్లున్నారు, తుపాకీ పేల్చినవాళ్లున్నారు. వాళ్లందరూ ఎక్కణ్నుంచి వచ్చారన్నదే నీ పిల్లలు అడగాల్సిన ప్రశ్న.

నా మాట వింటే, ముందు అన్నే ఫ్రాంక్‌తో మొదలుపెట్టు. 1942 జూన్ 12న పదమూడో పుట్టినరోజుకి ఆ పిల్లకి డైరీ కానుకగా వచ్చింది. నీ క్లాసు పిల్లల వయసే. జులై 6న కుటుంబమంతా ఆమ్‌స్టర్‌డాంలో తండ్రి ఆఫీసు వెనక వాటాలోకి వెళ్లి దాక్కుంది. చివరికి మొత్తం ఎనిమిది మంది అయ్యారు. రెండేళ్లు అడుగుల చప్పుడు కూడా వినబడకుండా బతికారు. ఆ అమ్మాయి ఏం చదివేది, అక్కతో ఎలా పోట్లాడేది, అమ్మ మీద ఎందుకు అలిగేది, ఇవన్నీ చెప్పు. పిల్లలకు ఆమె ఒక మనిషిగా పరిచయమయ్యాకే చంపినవాళ్లను లోపలికి రానివ్వు. చంపినవాళ్ల పేర్లు గుర్తుండిపోయి, పోయినవాళ్లు ఒక అంకెగా మిగిలితే ఆ పాఠం చెప్పకపోయినా ఒకటే.

1944 ఆగస్టు 4న ఆ తలుపు తట్టినవాడి పేరు కార్ల్ జిల్బర్‌బావర్. వియన్నా పోలీసు. ముప్పయి మూడేళ్లు. డబ్బూ నగలూ ఎక్కడున్నాయని అడిగాడు. అవి వేసుకోవడానికి సంచి ఏదీ కనబడక, పక్కనున్న తోలుపెట్టెను నేలమీద బోర్లించాడు. అందులో ఉన్నవి అన్నే రాసుకున్న కాగితాలు. వాటిని అక్కడే వదిలేసి నగలు సర్దుకున్నాడు. ఇంతలో అతని కళ్లు మూలనున్న ట్రంకు పెట్టె మీద పడ్డాయి. అది మొదటి ప్రపంచ యుద్ధంలో అన్నే తండ్రి ఒట్టో ఫ్రాంక్ వాడిన సైనికుల పెట్టె. ఆయన జర్మనీ సైన్యంలో లెఫ్టినెంటుగా పనిచేశాడు. ఆ సంగతి తెలియగానే జిల్బర్‌బావర్ తీరు మారిపోయింది. గొంతు మెత్తబడింది. తొందరేం లేదు, నెమ్మదిగా సర్దుకోండి అన్నాడు. ఆ తర్వాత ఎనిమిది మందినీ తీసుకెళ్లాడు. ఒట్టో ఒక్కడే బతికి తిరిగొచ్చాడు.

ఇక్కడ పిల్లల్ని ఒక్క మాట అడుగు: పెట్టెను చూసి మెత్తబడినవాడు, పక్కనే నిలబడ్డ పదిహేనేళ్ల పిల్లను చూసి ఎందుకు మెత్తబడలేదు? జవాబు నువ్వు చెప్పకు. ఎంతసేపైనా సరే, వాళ్లనే చెప్పనీ. అతనిలో మర్యాద లేక కాదు, ఆ మర్యాద ఎవరికి దక్కాలో ఎవరో ముందే గీత గీసి పెట్టారు, అతను ఆ గీతను ఒప్పుకున్నాడు. ఈ మాట పిల్లల నోట వాళ్ల భాషలో వస్తుంది, చూడు. యుద్ధం తర్వాత అతను మళ్లీ వియన్నా పోలీసుల్లోనే చేరాడని కూడా చెప్పు. అన్నే డైరీ నాటకం ఆడుతుంటే ఆస్ట్రియాలో కొందరు కుర్రాళ్లు అదంతా కట్టుకథని గోల చేశారు. అది చూసిన సైమన్ వీజెంతాల్, నాజీ నేరస్థులను వెతికి పట్టించే మనిషి, ఆమెను అరెస్టు చేసినవాణ్ని చూపిస్తే నమ్ముతారు కదా అని వెతకడం మొదలుపెట్టి 1963లో పట్టుకున్నాడు. విచారణ జరిగింది, శిక్ష పడలేదు. పిల్లలకు కోపం వస్తుంది. రానీ.

ఇక పాఠానికి గుండెకాయ లాంటి రోజు. ఫ్రాంక్ కుటుంబం దాక్కున్న వారానికి, అంటే 1942 జులై 13న, పోలండ్‌లో జోజెఫూవ్ అనే చిన్న ఊరి బయట తెల్లవారుతుండగా లారీలు ఆగాయి. దిగినవాళ్లు 101వ రిజర్వు పోలీసు బెటాలియన్ మనుషులు, అయిదు వందలకు కాస్త తక్కువ. వాళ్లు హిట్లర్ యూత్‌లో పెరిగిన కుర్రాళ్లు కారు. సగటు వయసు 39. హాంబర్గ్ రేవు కూలీలు, లారీ డ్రైవర్లు, హోటల్ సర్వర్లు, గుమస్తాలు. యుద్ధరంగానికి వయసు మీరిందని పోలీసు డ్యూటీలో వేసినవాళ్లు. హిట్లర్ రాకముందు ప్రపంచం ఎలా ఉండేదో కళ్లారా చూసినవాళ్లు. ఇది నొక్కి చెప్పు, ఎందుకంటే పిల్లలు వెంటనే “వాళ్లకు చిన్నప్పట్నుంచీ అలాగే నేర్పారు కదా టీచర్” అంటారు.

వాళ్ల కమాండర్ మేజర్ విల్హెల్మ్ ట్రాప్‌ను అందరూ అభిమానంగా నాన్నా అని పిలుచుకునేవారు. ఆ ఉదయం అందర్నీ అర్ధచంద్రాకారంలో నిలబెట్టాడు. ముఖం పాలిపోయింది, గొంతు పూడుకుపోయింది, కళ్లలో నీళ్లు. పని చేయగలిగిన మగవాళ్లను వేరు చేసి, మిగిలిన ఆడవాళ్లనూ పిల్లల్నీ ముసలివాళ్లనూ ఇక్కడే కాల్చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందని చెప్పాడు. చెప్పి, ఇంకో మాట అన్నాడు: మీలో వయసు పైబడ్డవాళ్లు ఎవరికైనా ఈ పని తమ వల్ల కాదనిపిస్తే పక్కకు రావచ్చు.

ఇక్కడ సుద్దముక్క కింద పెట్టి ఆగు. ఎంతమంది పక్కకు వచ్చి ఉంటారో కాగితం మీద రాయమను. చాలామంది మూడొందలనో నాలుగొందలనో రాస్తారు, ఆ వయసులో మనిషి మీద నమ్మకం అలా ఉంటుంది. ఉండాలి కూడా. ఆ తర్వాతే జరిగింది చెప్పు. ముందు ఒక్కడు వచ్చాడు. అతని కెప్టెన్ మండిపడ్డాడు. ట్రాప్ అడ్డుపడ్డాడు. అది చూసి ఇంకో పది పన్నెండు మంది కదిలారు. తుపాకులు అప్పగించారు, వేరే పని చెప్పించుకున్నారు. వాళ్లను ఎవరూ కాల్చలేదు, జైల్లో పెట్టలేదు. సాయంత్రానికల్లా ఊరి పక్క అడవిలో దాదాపు 1,500 మందిని చంపారు. అది ఎలా జరిగిందో నీకు తెలుసు, క్లాసులో చెప్పాల్సిన పని లేదు. పిల్లలు వివరాలు అడిగితే, “ఆ వివరాలు పెద్దయ్యాక చదువుదువుగాని, అక్కడ అమ్మలూ పిల్లలూ ఉన్నారు, అది చాలు” అను. మధ్యలో కొందరు తట్టుకోలేక తప్పుకున్నారు, కొందరు చాటుకు పోయి కాలం గడిపారు. అయినా నూటికి ఎనభై మందికి తగ్గకుండా చివరిదాకా కాలుస్తూనే ఉన్నారని చరిత్రకారుడు క్రిస్టఫర్ బ్రౌనింగ్ లెక్కగట్టాడు. 1943 నవంబరు కల్లా ఈ ఒక్క బెటాలియన్ కనీసం 38,000 మందిని కాల్చి చంపింది, 45,000 మందిని ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి పోయే రైళ్లెక్కించింది.

ట్రాప్ కన్నీళ్ల దగ్గర జాగ్రత్త. పిల్లలు జాలిపడతారు, పాపం ఆయన మంచివాడే కదా అంటారు. జాలిపడ్డందుకు వాళ్లను కసరకు. ఆ కన్నీళ్ల వల్ల జోజెఫూవ్‌లో ఒక్క పసిబిడ్డ అయినా బతికిందా అని మాత్రం అడుగు. ఏడుస్తూనే ఆయన ఉత్తర్వు ఇచ్చాడు. మనసు నొచ్చుకోవడం వేరు, చెయ్యి ఆగడం వేరు.

ఎందుకు కాల్చారని 1960ల్లో హాంబర్గ్‌లో ప్రాసిక్యూటర్లు వాళ్లను పిలిచి అడిగారు. ఆలోచించుకునే వ్యవధి లేదన్నారు కొందరు. తోటివాళ్ల ముందు పిరికివాళ్లమని అనిపించుకోలేక కాల్చామన్నారు కొందరు. నేను తప్పుకుంటే నా వంతు పని పక్కవాడి మీద పడుతుంది కదా అనుకున్నామన్నారు ఇంకొందరు. పక్కవాడు ఏమనుకుంటాడో అన్న భయం నీ క్లాసులో ప్రతి పిల్లకీ పిల్లవాడికీ తెలుసు. చరిత్రలో ఇంత దూరపు సంగతి వాళ్లకు ఒక్కసారిగా అర్థమయ్యే చోటు అదే. నువ్వు వాళ్లను పాఠంలోకి లాగి “మనం కూడా అంతే” అనకు. తోటివాళ్లకు జడిసి ఒక పిల్లను ఏడిపించడం, తోటివాళ్లకు జడిసి పసిబిడ్డను కాల్చడం ఒకటి కావు, ఒకటని పిల్లలు అనుకోకూడదు. ఆ భయం ఎంత దూరం తీసుకెళ్లగలదో వాళ్లకు తెలిస్తే సరిపోతుంది.

ఒక సంగతి మాత్రం బోర్డు మీద రాయి. ‘చెయ్యకపోతే నన్నే చంపేసేవాళ్లు’ అని యుద్ధం తర్వాత వందల కేసుల్లో నిందితులు వాదించారు. నిరాయుధులను చంపనన్నందుకు ఒక్కడికైనా అలాంటి శిక్ష పడిందని ఏ లాయరూ ఒక్క దాఖలా చూపించలేకపోయాడు. వెంటనే దీనికి పక్కనే ఇంకో పేరు కూడా రాయి: సార్జంట్ ఆంటన్ ష్మిడ్. విల్నియస్‌లో జర్మనీ సైన్యంలో ఉంటూ యూదులకు దొంగ కాగితాలిచ్చి, సైనిక లారీల్లో తప్పించాడు. 1942 ఏప్రిల్ 13న అతన్ని కాల్చి చంపారు. అంటే, చంపనని పక్కకు జరిగినవాడికి ప్రాణభయం లేదు, బాధితులను కాపాడబోయినవాడికి ఉంది. ఈ రెండింటి మధ్య తేడా పిల్లలకు తెలియాలి. అందరూ వీరులు కావాలని మనం అడగడం లేదు. తుపాకీ కింద పెట్టడానికి వీరత్వం అక్కర్లేదు.

పిల్లలకు చరిత్రకారుల గొడవ కూడా ఒక ముక్క చెప్పు, వాళ్లకు ఇష్టంగా ఉంటుంది. ఈ బెటాలియన్ మీద బ్రౌనింగ్ రాసిన పుస్తకం ‘ఆర్డినరీ మెన్’ 1992లో వచ్చింది. అవే విచారణ కాగితాలు చదివి డానియెల్ గోల్డ్‌హాగెన్ 1996లో వేరే మాట అన్నాడు: తోటివాళ్ల ఒత్తిడి కాదు, తరతరాలుగా జర్మనీలో పాతుకుపోయిన యూదు ద్వేషమే వాళ్ల చేత ఆ పని ఇష్టంగా చేయించిందని. నన్నడిగితే బ్రౌనింగ్ వైపు మొగ్గుతాను. కానీ ద్వేషాన్ని తీసి పక్కన పెట్టేస్తే లెక్క కుదరదు. అదే తోటివాళ్ల ఒత్తిడి ఉన్నా, హాంబర్గ్ వీధుల్లో పిల్లల్ని కాల్చమంటే వాళ్లు కాల్చేవాళ్లు కారు. ఎవరిని కాల్చవచ్చో దేశం ముందే చెప్పి ఉంచింది.

ఎలా చెప్పి ఉంచిందో చూపించడానికి మన వృత్తి వైపే చూడు. నాజీల కాలంలో జర్మనీ బడుల్లో వాడిన లెక్కల పుస్తకంలో ఒక లెక్క ఉంది: పిచ్చాసుపత్రి కట్టడానికి అరవై లక్షల మార్కులవుతుంది, ఒక్కో ఇంటికి పదిహేను వేలయితే ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లు కట్టవచ్చు? పిల్లలు వెంటనే నాలుగొందలు అని చెబుతారు. చెప్పాక, ఈ లెక్క ఎందుకిచ్చి ఉంటారో అడుగు. నాలుగొందల కుటుంబాలు ఇల్లు లేకుండా ఉండటానికి కారణం మతిస్థిమితం లేనివాళ్లేనని ఆ లెక్క చెప్పకుండానే చెబుతోంది. కొన్నేళ్లకు అలాంటివాళ్లను నిజంగానే చంపడం మొదలుపెట్టారు. ఆ లెక్క బోర్డు మీద రాసిన మాస్టారు ఎవరినీ చంపలేదు. తప్పు చేశాడా లేదా? ఈ ప్రశ్న దగ్గర నీ క్లాసు రెండుగా చీలుతుంది. చీలనీ.

అలాగే రైలు టికెట్ల సంగతి. మృత్యుశిబిరాలకు యూదులను పంపిన రైళ్లకు జర్మనీ రైల్వే ఛార్జీ వసూలు చేసింది. మూడో తరగతి, ఒకవైపు ప్రయాణం. పదేళ్లలోపు పిల్లలకు అర టికెట్టు, నాలుగేళ్లలోపు వాళ్లకు ఉచితం. నాలుగొందల మందికి తగ్గకుండా ఉంటే గుంపు రాయితీ. కాపలావాళ్లకు మాత్రం రానూపోనూ టికెట్టు. మన పిల్లలకు అర టికెట్టంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇంకేమీ వ్యాఖ్యానం చెయ్యకు.

ఫొటోల మాటకొస్తే, శవాలవి వద్దన్నాను. దానికి బదులు ఒకటి చూపించు. ఆష్విట్జ్ మృత్యుశిబిరం కమాండెంట్ సహాయాధికారి కార్ల్ హోకర్ ఆల్బం వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియానికి 2007లో చేరింది. అందులో 1944 జులై నాటి ఫొటోలున్నాయి. శిబిరంలో పనిచేసే యువతులు కొండమీది విడిది ఇంట్లో కంచె మీద వరుసగా కూర్చుని, అకార్డియన్ వాయిస్తుంటే గిన్నెల్లో బ్లూబెర్రీలు తింటున్నారు. తర్వాతి ఫొటోలో గిన్నెలు బోర్లించి చూపిస్తున్నారు, అయిపోయాయని ఒకమ్మాయి ఏడుపు నటిస్తోంది. చూడటానికి పిక్నిక్ ఫొటోలే. ఆ వేసవిలోనే, కొన్ని వారాల్లో హంగరీ నుంచి నాలుగు లక్షలకు పైగా యూదులను ఆ శిబిరానికి తెచ్చారు, ఎక్కువమందిని దిగిన రోజే చంపారు. ముందు ఫొటో చూపించి ఏం కనబడుతోందో చెప్పమను, ఎక్కడిదో ఆ తర్వాత చెప్పు. ఫొటో ఏదైనా, కెమెరా ఎవరి చేతిలో ఉందో కూడా అడగడం అలవాటు చెయ్యి. ఆ శిబిరపు ఫొటోల్లో చాలా భాగం తీసింది నాజీలే.

ఇక చెయ్యకూడనివి. నువ్వు నాజీవి, నువ్వు యూదువి అని పిల్లల చేత నాటకం ఆడించకు. నువ్వే కాపలావాడివైతే డైరీ ఎలా రాస్తావో రాయమనకు. వాళ్లకు ఆ బరువు తెలియదు, ఆటగా మారిపోతుంది, ఎవరో ఒకరు ఇంటికెళ్లి ఏడుస్తారు. ‘ది బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్’ సినిమా చూపిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వద్దను. ఈ చరిత్ర చదివేవాళ్లూ చెప్పేవాళ్లూ ఆ సినిమాకు మూలమైన పుస్తకానికి దూరంగా ఉండాలని 2020లో ఆష్విట్జ్ స్మారక సంస్థే చెప్పింది. కమాండెంటు కొడుకు అమాయకత్వానికి ఏడిపించి, కంచె అవతలి వేలమందిని అది మరిపిస్తుంది. ఎవరైనా పిల్లవాడు మధ్యలో నవ్వితే కొట్టకు, అరవకు. ఆ వయసులో భయం చాలాసార్లు నవ్వుగానే బయటికొస్తుంది. నవ్విన పిల్లవాడి కన్నా ఏమీ మాట్లాడకుండా కూర్చున్న పిల్లను ఎక్కువ గమనించు. చివరి పీరియడ్‌లో ఈ పాఠం పెట్టుకోకు. బెల్లు కొట్టగానే బస్సెక్కే పిల్లల చేతిలో ఇది పెట్టి పంపకూడదు. చివర పది నిమిషాలు వాళ్లు ఏదనుకుంటే అది మాట్లాడటానికి ఉంచు.

జర్మన్లంతా అంతే అని తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. అప్పుడు ష్మిడ్ ఏ సైన్యంలో పనిచేశాడో, జోజెఫూవ్‌లో పక్కకొచ్చిన ఆ పది పన్నెండు మంది ఎక్కడివాళ్లో అడుగు. 1994లో ర్వాండాలో దాదాపు వంద రోజుల్లో ఎనిమిది లక్షల మంది దాకా చనిపోయారు. టుట్సీ తెగవాళ్లను బొద్దింకలని రేడియోలో రోజూ అరిచారు, కత్తులు పట్టి వచ్చినవాళ్లలో ఇరుగుపొరుగువాళ్లూ ఉన్నారు. అది ఐరోపా కాదు, అక్కడ గ్యాస్ గదులు లేవు. ఇది ఒక జాతి రక్తంలో ఉన్న జబ్బు కాదనడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

మన దగ్గర సంగతేమిటని కూడా అడుగుతారు తల్లీ. నీ క్లాసులో అన్ని కులాల పిల్లలూ, అన్ని మతాల పిల్లలూ ఉంటారు. దళితులను చంపిన కారంచేడు, చుండూరు పేర్లు ఇంట్లో విన్న పిల్లలుంటారు. ఆ పేర్లు ఎవరైనా ఎత్తితే “అది సిలబస్‌లో లేదు, కూర్చో” అనకు. అవి జాతిహననాలు కావు, పోలిక పెట్టి తేల్చేయనూ కూడదు. కానీ గొడ్డళ్లు పట్టినవాళ్లకు పేర్లున్నాయా, వాళ్ల పక్కనున్నవాళ్లు ఆపగలిగేవాళ్లా అన్న ప్రశ్న అక్కడా చెల్లుతుంది. ఆ ప్రశ్న అడిగిన పిల్లను మెచ్చుకో. ఏ పిల్ల వైపూ క్లాసు అంతా తిరిగి చూడకుండా మాత్రం చూసుకో. బాధితుల పిల్లలనైనా, చంపినవాళ్ల వైపు పిల్లలనైనా సాక్షిగా నిలబెట్టే హక్కు మనకు లేదు.

సిలబస్ అయిపోవాలని నిన్ను తొందరపెడతారు, నాకు తెలుసు. ఇది ఒక పీరియడ్‌లో అయ్యేది కాదు, నాలుగైనా కావాలి. పరీక్షల ముందు కాకుండా ఇప్పుడే హెడ్మాస్టరుగారిని అడుగు. ఆ పాఠం నుంచి రెండు మార్కుల ప్రశ్న కూడా రాకపోవచ్చని ఆయన అంటారు. రాకపోయినా ఆ నాలుగు పీరియడ్లూ వదులుకోకు.